గాలిని కొలిచే వృత్తిలోకి రావాలంటే: హైదరాబాదు విద్యార్థుల కోసం

1990 ప్రాంతంలో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఒక అంచనా వేసింది. భారతదేశపు వరి మడుల నుంచి ఏటా సుమారు 3.78 కోట్ల టన్నుల మీథేన్ గాలిలోకి వెలువడుతోందని దాని సారాంశం. ఆ అంకె మన పొలాల్లో కొలిచి తీసినది కాదు, వేరే దేశాల్లో దొరికిన విలువలను మన సాగు విస్తీర్ణానికి వర్తింపజేసి తీసినది. 1991లో డాక్టర్ ఎ.పి. మిత్ర నాయకత్వంలో మన శాస్త్రవేత్తలు దేశంలోని వేర్వేరు వరి ప్రాంతాలకు వెళ్లారు. మడిలో పెట్టెలు బోర్లించి, లోపల పోగైన గాలిని తీసి, వాయువులను విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో పరీక్షించారు. ఏటా వెలువడేది సుమారు 40 లక్షల టన్నులేనని తేలింది, అంటే పాత అంచనాలో దాదాపు తొమ్మిదో వంతు. వాతావరణ మార్పుపై ప్రపంచ దేశాలు బాధ్యతలు పంచుకోబోతున్న సమయంలో మన వరి రైతు మీద పడబోయిన నింద ఆ కొలతతో చాలా వరకు తొలగిపోయింది.

ఈ వృత్తిలోకి రావాలనుకునే వాళ్లు ముందుగా ఈ సంగతి తెలుసుకోవాలని నా కోరిక. గాలిని కొలిచే శాస్త్రవేత్త చేతిలో చివరికి మిగిలేది ఒక అంకె. ఆ అంకె ఎలా వచ్చిందో, ఎంతవరకు నమ్మవచ్చో, ఎవరు అడిగినా ఆధారాలతో చూపగలగడమే ఆ శాస్త్రవేత్తకున్న విలువ. ఈ వ్యాసంలో చెప్పబోయేదంతా ఆ సామర్థ్యాన్ని ఎలా సంపాదించుకోవాలన్నదే.

ఏం చదవాలి

డిగ్రీలో భౌతికశాస్త్రమో రసాయనశాస్త్రమో ఉంటే చాలు. ఇంజనీరింగ్ చదివిన వాళ్లూ రావచ్చు. ఏది చదివినా గణితాన్ని మాత్రం వదలకండి. పీజీకి హైదరాబాదు విశ్వవిద్యాలయంలో భూ, సముద్ర, వాతావరణ శాస్త్రాల కేంద్రం ఉంది. కందిలోని ఐఐటీలో వాతావరణ మార్పు విభాగం ఉంది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయపు వాతావరణ, సముద్ర శాస్త్ర విభాగానికి తెలుగునాట మంచి పేరుంది. పరిశోధనకు వెళ్లదలచిన వాళ్లు సీఎస్‌ఐఆర్ నెట్‌లో భూ, వాతావరణ, సముద్ర, గ్రహ శాస్త్రాల పేపరు గానీ, తమ సొంత సబ్జెక్టు పేపరు గానీ రాయవచ్చు. గేట్‌లో పర్యావరణ శాస్త్రానికి ప్రత్యేకంగా ఒక పేపరు ఉంది. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు.

ప్రవేశ పరీక్షల సమాచారం ఎక్కడైనా దొరుకుతుంది కనుక దాన్ని ఇంతటితో ఆపి, ఎవరూ చెప్పని విషయానికి వస్తాను. చదువుతో పాటు మూడు పనులు చేతికి అలవాటు కావాలి. మొదటిది ప్రోగ్రామింగ్ భాషలైన పైథాన్‌లో గానీ ఆర్‌లో గానీ లక్ష వరుసల డేటాను తడబడకుండా చదివి, శుభ్రం చేసి, గ్రాఫు గీయడం. రెండవది టంకం పట్టడం, మల్టీమీటరుతో వైరు తెగిన చోటు పట్టుకోవడం. మూడవది గొట్టాలు బిగించడం, లీకు కనిపెట్టడం. ఈ మూడవది చిన్నతనంగా భావించేవాళ్లు చాలామంది ఉంటారు గానీ, లక్షల ఖరీదు చేసే పరికరం కూడా ఒక వదులు నట్టు వల్ల బయటి గాలికి బదులు గదిలోని గాలిని కొలుస్తూ ఉండిపోగలదు. భౌతికశాస్త్రం చదివిన అన్నా మణి భారత వాతావరణ శాఖలో పరికరాల పని చేపట్టి, దిగుమతుల మీద ఆధారపడకుండా వాటిని ఇక్కడే తయారు చేయించారు. ఓజోన్‌ను ఎత్తుల వారీగా కొలిచే ఓజోన్‌సోండ్‌ను కూడా దేశంలోనే రూపొందించారు. పరికరం లోపల ఏముందో తెలిసిన శాస్త్రవేత్తకు దాని మాట ఎంతవరకు నమ్మాలో కూడా తెలుస్తుంది.

మొదట ఫిల్టరు పట్టుకోవడం నేర్చుకోండి

ఈ రోజుల్లో ధూళిని గంటగంటకూ చూపే యంత్రాలు ఉన్నాయి. అయినా కొత్తగా వచ్చిన వాళ్లు ఫిల్టరు తూచే పద్ధతితోనే మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే దీనిలో దాగి ఉన్నదేమీ లేదు. గాలిని ఫిల్టరు గుండా లాగుతారు, ముందూ వెనకా తూస్తారు, తేడాను గాలి పరిమాణంతో భాగిస్తారు. ఇంత సులువైన పనిలో ఎన్ని చోట్ల జారిపోవచ్చో ఒకసారి చూస్తే ఆ తరువాత ఏ యంత్రం ముందు కూర్చున్నా సరైన ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి.

పీఎం 2.5, అంటే 2.5 మైక్రోమీటర్లకు మించని ధూళి కణాలను పట్టే శాంప్లరు నిమిషానికి 16.7 లీటర్ల గాలి లాగుతుంది. 24 గంటలకు అది సుమారు 24 ఘనపు మీటర్లు. మన జాతీయ ప్రమాణం ప్రకారం పీఎం 2.5 ఒక రోజుకు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదు. సరిగ్గా ఆ హద్దులో ఉన్న రోజున ఫిల్టరు మీద చేరే ధూళి 1,440 మైక్రోగ్రాములు, అంటే ఒకటిన్నర మిల్లీగ్రాము కూడా కాదు. వానాకాలంలో గాలి శుభ్రపడి 15 మైక్రోగ్రాములకు దిగిన రోజున చేరేది 360 మాత్రమే. ఆ రోజు తూకంలో 30 మైక్రోగ్రాముల తేడా వస్తే ఫలితంలో 8 శాతం తప్పు వచ్చినట్టే.

30 మైక్రోగ్రాములు ఎక్కడి నుంచైనా రాగలవు. చేత్తో ముట్టుకుంటే వేలి జిడ్డు అంటుతుంది, అందుకే ఫిల్టరును చిమటాతో అంచు దగ్గర మాత్రమే పట్టుకోవాలి. టెఫ్లాన్ ఫిల్టరుకు స్థిరవిద్యుత్తు ఎక్కితే త్రాసు అంకె నిలకడగా ఉండదు, కనుక తూచే ముందు దాన్ని పోగొట్టే పరికరం దగ్గర కాసేపు ఉంచాలి. ఫిల్టరూ దాని మీది ధూళీ గాలిలోని తేమను పీల్చుకుంటాయి. కాబట్టి తూకానికి ముందు కనీసం 24 గంటలు 20 నుంచి 23 డిగ్రీల మధ్య, 30 నుంచి 40 శాతం తేమలో ఉంచి, తరువాత అదే గదిలో, అదే త్రాసు మీద తూచాలి. జూలైలో తెచ్చిన ఫిల్టరును తొందరపడి తూస్తే మీరు తూచేది ధూళితో పాటు వర్షాకాలపు తేమను కూడా.

ఇవన్నీ చేసినా ఒక పని మిగులుతుంది. ప్రతి విడతలోనూ ఒక ఖాళీ ఫిల్టరును మిగతా వాటితో పాటే శాంప్లరు దగ్గరికి తీసుకెళ్లి, అందులో బిగించి, పంపు వేయకుండానే వెనక్కి తెచ్చి తూచండి. దీన్ని ఫీల్డ్ బ్లాంక్ అంటారు. గాలి లాగకుండానే దాని బరువు ఎంత పెరిగిందో, మీ చేతుల్లో, దారిలో, గదిలో చేరిన కల్మషం అంత. బ్లాంక్ లేని ఫిల్టరు డేటాను నేను నమ్మను. మీరూ నమ్మకండి.

గాలి పరిమాణం విషయంలో హైదరాబాదు వాళ్లకు ప్రత్యేకంగా ఒక జాగ్రత్త ఉంది. మన ఊరు సముద్రమట్టానికి అర కిలోమీటరు పైన ఉంది. సముద్రమట్టం మీద గాలి పీడనం 1013 హెక్టాపాస్కళ్లయితే ఇక్కడ సుమారు 950 ఉంటుంది. ప్రవాహాన్ని కొలిచే కొన్ని పరికరాలు ప్రామాణిక లీటర్లలో అంకె చూపిస్తాయి, అంటే సముద్రమట్టపు పీడనంలో, ఒక నిర్ణీత ఉష్ణోగ్రతలో ఆ గాలి ఎంత చోటు ఆక్రమిస్తుందో చెబుతాయి. 25 డిగ్రీల ప్రామాణికం తీసుకుంటే మే నెలలో 42 డిగ్రీల మధ్యాహ్నం ఇక్కడ ఒక ప్రామాణిక లీటరు నిజానికి 1.12 లీటర్ల పైమాటే. శాంప్లరు తలలో పెద్ద కణాలను వేరుచేసే భాగం గాలి అసలు వేగాన్ని బట్టి పనిచేస్తుంది కనుక 16.7 అనేది అసలు లీటర్లలోనే ఉండాలి. పరికరం ఏ లీటర్లు చూపిస్తోందో మాన్యువల్‌లో వెతికి, స్టేషన్ గోడ మీద రాసి అంటించండి.

వాయువులను కొలిచే పరికరాలు

ప్రతి వాయువుకూ ఒక స్వభావం ఉంటుంది, పరికరం దాన్ని వాడుకుంటుంది. ఓజోన్ 253.7 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని పీల్చుకుంటుంది. సల్ఫర్ డయాక్సైడ్ అతినీలలోహిత కాంతి తగిలినప్పుడు తిరిగి మెరుస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ పరారుణ కాంతిని పీల్చుకుంటుంది. ఈ మూడింటి గురించి పాఠ్యపుస్తకాల్లో బాగానే ఉంటుంది. నైట్రోజన్ డయాక్సైడ్ సంగతి వేరు కనుక దాని దగ్గర కాస్త ఆగుదాం.

సాధారణంగా స్టేషన్లలో ఉండే యంత్రం నైట్రోజన్ డయాక్సైడ్‌ను నేరుగా కొలవదు. అది కొలిచేది నైట్రిక్ ఆక్సైడ్‌ను. లోపల ఓజోన్ కలిపితే నైట్రిక్ ఆక్సైడ్ వెలుగునిస్తుంది, ఆ వెలుగును యంత్రం లెక్కిస్తుంది. తరువాత అదే గాలిని 300 డిగ్రీలకు పైగా వేడిచేసిన మాలిబ్డినం గుండా పంపి, డయాక్సైడ్‌ను కూడా నైట్రిక్ ఆక్సైడ్‌గా మార్చి, మళ్లీ లెక్కిస్తుంది. రెండింటి తేడానే నైట్రోజన్ డయాక్సైడ్‌గా తెరమీద కనిపిస్తుంది. చిక్కేమిటంటే మాలిబ్డినం డయాక్సైడ్‌తో ఆగదు. నైట్రిక్ ఆమ్లాన్ని, పాన్ అనే పదార్థాన్ని కూడా అలాగే మార్చేస్తుంది. ఎండ కాసే మధ్యాహ్నాల్లో, ట్రాఫిక్‌కు దూరంగా ఉన్న చోట ఇవి ఎక్కువగా ఉంటాయి కాబట్టి అక్కడ యంత్రం చెప్పే డయాక్సైడ్ అసలు కంటే ఎక్కువే ఉంటుంది. కూడలి పక్కన ఉదయం తీసిన విలువనూ ఊరి బయట మధ్యాహ్నం తీసిన విలువనూ పక్కపక్కన పెట్టి తీర్మానాలు చేసే ముందు ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

గొట్టం కూడా పరికరంలో భాగమే. లోపలికి వచ్చే గొట్టం టెఫ్లాన్‌దై ఉండాలి, పొట్టిగా ఉండాలి. గాలి అందులో కొన్ని సెకన్లకు మించి నిలిస్తే చీకట్లో ఓజోన్, నైట్రిక్ ఆక్సైడ్ కలిసిపోయి రెండూ తగ్గుతాయి. ఏసీ గది ఉష్ణోగ్రతను మరీ తగ్గించకండి. ఆగస్టు గాలి 20 డిగ్రీల గదిలోకి వస్తే గొట్టం లోపల నీటి బొట్లు కడతాయి. సల్ఫర్ డయాక్సైడ్ ఆ నీటిలో కరిగిపోతే తెరమీద గాలి ఎంతో శుభ్రంగా ఉన్నట్టు కనిపిస్తుంది.

క్యాలిబ్రేషన్ అంటే తెలిసిన గాఢతతో పరికరాన్ని సరిచూడడం. అది చేసేటప్పుడు ముందు కాలుష్యం లేని గాలి, అంటే జీరో గాలి ఇచ్చి, తరువాత సిలిండరు నుంచి తెలిసిన గాఢత గల వాయువు ఇస్తారు. సిలిండరు సర్టిఫికెట్ మీద గడువు తేదీ చూడండి. రెగ్యులేటరు బిగించగానే వాయువును యంత్రానికి ఇవ్వకండి. బిగించేటప్పుడు లోపల చిక్కుకున్న గాలిలోని ఆక్సిజన్ నైట్రిక్ ఆక్సైడ్‌ను డయాక్సైడ్‌గా మార్చేస్తుంది. కాబట్టి రెగ్యులేటరును వాయువుతో నింపి, బయటికి వదిలి, మళ్లీ నింపి, ఇలా మూడు నాలుగు సార్లు కడగాలి. పరికరం సర్దుబాటు చేయకముందు ఎంత చూపిందో, చేశాక ఎంత చూపిందో రెండూ రాసిపెట్టాలి. మొదటి అంకె రాయకపోతే గత వారమంతా డేటా ఎంత పక్కకు జరిగిందో తెలుసుకునే దారి మూసుకుపోతుంది.

మరీ కొద్దిగా ఉండే వాయువులు

గాలిలో వంద కోట్ల అణువుల్లో ఒకటి ఉంటే ఒక పీపీబీ అంటారు. లక్ష కోట్లలో ఒకటైతే ఒక పీపీటీ. ఇంత తక్కువలో కొలవడం సాధ్యమయ్యాకే వాతావరణం గురించి మన అవగాహన మారింది. జేమ్స్ లవ్‌లాక్ 1957లో అతి కొద్ది వాయువును కూడా పసిగట్టే ఎలక్ట్రాన్ క్యాప్చర్ డిటెక్టర్‌ను కనిపెట్టి, 1971లో షాకిల్టన్ అనే పరిశోధన నౌకలో దాన్ని పెట్టుకుని బయలుదేరి, ఎక్కడి గాలి తీసినా అందులో ఫ్రిజ్‌లలో, స్ప్రే డబ్బాల్లో వాడే క్లోరోఫ్లోరోకార్బన్ పదుల పీపీటీల్లో ఉందని చూపించారు. 1974లో మొలీనా, రోలండ్ ఇవే రసాయనాలు ఓజోన్ పొరను దెబ్బతీస్తాయని చెప్పడానికి ఆ కొలత ఒక పునాది అయింది. చార్లెస్ డేవిడ్ కీలింగ్ 1958 మార్చిలో హవాయిలోని మౌనా లోవాలో మొదలుపెట్టినప్పుడు కార్బన్ డయాక్సైడ్ సుమారు 313 పీపీఎం, అంటే పది లక్షల అణువుల్లో 313. ఇప్పుడది 420 దాటింది. ఆ పెరుగుదల రేఖను అందరూ నమ్మడానికి కారణం, ఆయన తన ప్రామాణిక వాయువుల విషయంలో చూపిన పట్టుదల.

ఈ చరిత్రలో మన ఊరికీ చోటుంది. ఈసీఐఎల్ దగ్గరున్న టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం నుంచి 1987లో అహ్మదాబాదు భౌతిక పరిశోధనశాల శాస్త్రవేత్తలు జర్మనీ వాళ్లతో కలిసి ఒక బెలూన్ ఎగరేశారు. ద్రవ నియాన్‌తో చల్లబరచిన సీసాలు వేర్వేరు ఎత్తుల్లో తెరుచుకుని, అక్కడి గాలిని గడ్డకట్టించి కిందికి తెచ్చాయి. ఉష్ణమండలపు స్ట్రాటోస్ఫియర్‌లో క్లోరోఫ్లోరోకార్బన్లు, మీథేన్ ఎంతెంత ఉన్నాయో వాటి నుంచే తెలిసింది. ఈ మధ్య కాలంలో అదే కేంద్రం నుంచి నాసా, ఇస్రో కలిసి ఆసియా వర్షాకాలంలో పైన ఏర్పడే ధూళి పొరను కొలవడానికి బెలూన్లు ఎగరేశాయి. షాద్‌నగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ప్రాంగణంలో కార్బన్ డయాక్సైడ్, మీథేన్‌లను లేజరు యంత్రంతో నిరంతరం కొలిచి, ఆ ఫలితాలను ప్రచురించారు.

ఇలాంటి లేజరు యంత్రాల్లో ఒక రకంలో రెండు మూడు అద్దాల మధ్య కాంతి మళ్లీ మళ్లీ తిరుగుతూ కిలోమీటర్ల దూరం ప్రయాణిస్తుంది, అది ఎంత త్వరగా ఆరిపోతుందో చూసి వాయువు పరిమాణం చెబుతారు. యంత్రం ఎంత గొప్పదైనా నీటి ఆవిరి సంగతి మీరే చూసుకోవాలి. వానాకాలపు గాలిలో 3 శాతం దాకా ఆవిరి ఉండవచ్చు. అంటే మిగతా వాయువులన్నీ ఆ మేరకు పలచబడతాయి. 420 పీపీఎంలో 3 శాతమంటే 12 పీపీఎం పైమాటే. కార్బన్ డయాక్సైడ్ ఏడాదికి పెరిగేది 2 నుంచి 3 పీపీఎం. ఆవిరి లెక్క తీసేసి పొడి గాలికి సరిచేయకపోతే, నాలుగైదేళ్ల పెరుగుదలంతా ఒక్క వర్షాకాలంలో కొట్టుకుపోయినట్టు కనిపిస్తుంది.

హైదరాబాదు గాలితో ఇంట్లోనే అభ్యాసం

ల్యాబ్‌లో చోటు దొరికేదాకా ఆగనక్కర లేదు. సనత్‌నగర్, జూపార్కు, హైదరాబాదు విశ్వవిద్యాలయం, బొల్లారం, పటాన్‌చెరు వంటి చోట్ల ఉన్న నిరంతర స్టేషన్ల గంటవారీ డేటాను కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి అందరికీ ఉచితంగా ఇస్తుంది. ఒక జనవరి నెల తీసుకోండి. గ్రాఫులు గీయడానికి ముందు డేటాను ప్రశ్నించండి. ఏ గంటలోనైనా పీఎం 2.5 విలువ పీఎం 10 కంటే ఎక్కువ ఉందా? చిన్న కణాలు పెద్ద మొత్తంలో భాగమే కనుక అది జరగకూడదు. ఒకే అంకె గంటల తరబడి కదలకుండా నిలిచిందా? గాలి అలా నిలవదు, పరికరమే నిలిచి ఉంటుంది. నైట్రిక్ ఆక్సైడ్ మైక్రోగ్రాముల విలువను 1.23తో, డయాక్సైడ్ విలువను 1.88తో భాగించి కలిపితే, పక్కనే పీపీబీల్లో ఇచ్చిన మొత్తం నైట్రోజన్ ఆక్సైడ్లకు దగ్గరగా రావాలి. రాకపోతే ఎక్కడో యూనిట్లు తారుమారయ్యాయి.

ఈ పరీక్షలన్నీ దాటిన డేటాతో రోజులోని గంటల వారీగా సగటు తీయండి. ఆఫీసు వేళ ఉదయం నైట్రిక్ ఆక్సైడ్ పైకి లేస్తుంది, సరిగ్గా అప్పుడే ఓజోన్ తగ్గుతుంది. మధ్యాహ్నం ఎండకు ఓజోన్ పెరుగుతుంది. ఆ తరువాత ధూళి రేఖ చూడండి. చలికాలపు ఉదయాల్లో అది ఎత్తుగా ఉండటానికి వాహనాలొక్కటే కారణం కాదు. రాత్రి నేల చల్లబడి, చల్లని గాలి కిందా వెచ్చని గాలి పైనా నిలిచి, పొగ పైకి పోకుండా మూతపడుతుంది. బేగంపేట నుంచి వాతావరణ శాఖ ఉదయం 5:30 గంటల వేళ బెలూన్‌తో ఎగరేసే రేడియోసోండ్ అనే పరికరపు డేటాలో ఈ మూతను కళ్లారా చూడవచ్చు. ఎత్తుతో పాటు ఉష్ణోగ్రత తగ్గాల్సింది పోయి పెరుగుతూ కనిపిస్తుంది. రెండు డేటాలనూ కలిపేటప్పుడు ఒకటి మన సమయంలో, మరొకటి అంతర్జాతీయ సమయంలో ఉంటుందని మరవకండి. ఆ ఐదున్నర గంటల తేడా వల్ల చెడిపోయిన థీసిస్ అధ్యాయాలను నేను చూశాను.

కొన్ని వేల రూపాయలకు దొరికే చిన్న సెన్సర్లతో కూడా నేర్చుకోవచ్చు. అవి కణాల మీద కాంతి పడి చెదిరే తీరును చూసి అంచనా వేస్తాయి. గాలిలో తేమ 80 శాతం దాటితే కణాలు నీటిని పట్టుకుని ఉబ్బుతాయి, సెన్సరు ఎక్కువ చూపిస్తుంది. మంచి యంత్రం పక్కన ఎండాకాలంలో కొన్ని వారాలు, వానాకాలంలో కొన్ని వారాలు ఉంచి పోల్చకుండా వాటి అంకెలను పత్రికలకు ఇవ్వడం మాత్రం తప్పు. ఒక కాలనీ ప్రజలను అనవసరంగా భయపెట్టడమూ, ఇంకో కాలనీకి లేని భరోసా ఇవ్వడమూ రెండూ హానికరమే.

లాగ్ బుక్కు

ప్రతి స్టేషన్‌లో అట్ట ఉన్న, పేజీలకు నంబర్లు వేసిన ఒక పుస్తకం ఉండాలి. కరెంటు పోయి వచ్చిన సమయం, ఫిల్టరు మార్చిన సమయం, పక్క మేడ మీద వెల్డింగ్ జరిగిన సంగతి, కింద చెత్త తగలబెట్టిన సంగతి, ఇన్‌లెట్‌లో కందిరీగ గూడు కట్టిన సంగతి, అన్నీ పెన్నుతో రాయాలి. తప్పు రాస్తే ఒక గీత కొట్టి పక్కన సంతకం చేయాలి, చెరిపేయకూడదు. డేటాలో ఏ విలువనైనా తొలగించదలిస్తే దాన్ని ఫైలు నుంచి తీసేయకుండా, ఎందుకు వాడకూడదో తెలిపే గుర్తు పెట్టండి. చూడడానికి బాగా లేదన్నది కారణం కాదు. దీపావళి రాత్రి వచ్చే అసాధారణమైన విలువ నిజమే. క్యాలిబ్రేషన్ వాయువు ఇస్తుండగా వచ్చిన చక్కని విలువ అబద్ధం.

ఎవరైనా అంకెను తగ్గించమనో పెంచమనో అడిగే రోజు రావచ్చు. ఆ రోజు మీకు అండగా నిలిచేది ఈ పుస్తకమే. తేదీలతో, సంతకాలతో, క్యాలిబ్రేషన్ విలువలతో ఉన్న రికార్డును ముందు పెట్టి, ఇందులో ఏ పేజీ తప్పో చూపించమని మర్యాదగా అడగండి.

ఎక్కడ చేరాలి

నగరంలో ఈ పని చేసేవి చాలానే ఉన్నాయి. తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలిలో ఎనలిస్టు, ఇంజనీరు ఉద్యోగాలు ఉంటాయి. గచ్చిబౌలిలో ఈపీటీఆర్ఐ అనే పర్యావరణ శిక్షణ, పరిశోధన సంస్థ ఉంది. సీఎస్‌ఐఆర్ పరిశోధనశాలలు, జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం, విశ్వవిద్యాలయాలు పరిశోధకులను తీసుకుంటాయి. పారిశ్రామికవాడల్లో పొగగొట్టాల ఉద్గారాలను కొలిచే ప్రైవేటు ప్రయోగశాలలు ఉన్నాయి. వాటిలో చేరేముందు గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి. ఆ పని కష్టమైనదే, నిచ్చెనలెక్కి పొగగొట్టం అంచున నిలబడాల్సి వస్తుంది, కానీ అక్కడ రెండేళ్లు పనిచేసిన వాళ్లకు చేతి పని బాగా వస్తుంది. తిరుపతి దగ్గర గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధనశాల, పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ, అహ్మదాబాదు భౌతిక పరిశోధనశాల మన పిల్లలు తరచుగా వెళ్లే చోట్లు.

పీహెచ్‌డీకి గైడును ఎంచుకునేటప్పుడు ఆయన లేదా ఆమె ప్రచురించిన వ్యాసాల సంఖ్య కంటే ముందు మూడు సంగతులు అడగండి. క్రిందటి క్యాలిబ్రేషన్ ఎప్పుడు జరిగింది, ఎవరు చేశారు? పరికరం పాడైతే బాగుచేయించడానికి నిధులు ఉన్నాయా, ఎన్ని నెలలు పడుతుంది? ఐదేళ్ల క్రితం పనిచేసిన విద్యార్థి సేకరించిన ముడి డేటా ఇప్పటికీ తెరిచి చూడగలమా? అడగడానికి మొహమాటపడకండి. నిజంగా కొలతల మీద శ్రద్ధ ఉన్న వాళ్లు ఈ ప్రశ్నలకు సంతోషించి, మిమ్మల్ని మేడమీది స్టేషన్‌కు తీసుకెళ్లి లాగ్ బుక్కు చేతికిస్తారు. దానిలో చివరి రాత ఏ తేదీదో చూశాకే దరఖాస్తు పెట్టండి.